కంటి మొలకలు

అమీర్‌పేట దాటితే పంజగుట్ట వస్తుంది. అక్కడి నుంచి బంజారాహిల్స్ పోయే దారిలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. 1987లో మొదలైంది. అక్కడ వైద్యం చేస్తారు. పరిశోధన కూడా చేస్తారు.

చెయ్యి కాలితే కొత్త చర్మం వస్తుంది. కంటి లోపల వెనక ఒక పల్చని తెర ఉంటుంది. అందులో నరాల కణాలు ఉంటాయి. అవి చచ్చిపోతే మళ్లీ రావు. చూపు పోతుంది.

మరి ఆ తెర మొదట ఎలా తయారైంది? అమ్మ కడుపులో బిడ్డ ముందు ఒక్క కణమే. అది రెండవుతుంది, నాలుగవుతుంది. కొన్ని కణాలు చర్మం అవుతాయి. కొన్ని కండ అవుతాయి. కొన్ని నరాలు అవుతాయి.

ఇందుమతి మారియప్పన్ కణాల శాస్త్రవేత్త. ఆమె ముందు హబ్సిగూడలోని సి.సి.ఎం.బి.లో పని చేశారు. కణం కండగా ఎలా మారుతుందో చూశారు. ఆ పని 2005లో అచ్చయింది. తరువాత ఈ కంటి ఆసుపత్రిలో చేరారు.

జపాన్‌లో యమనక అనే డాక్టరు 2007లో ఒక దారి చూపారు. మనిషి చర్మ కణాన్ని తిరిగి పిండంలోని కణంలా మార్చారు. అలాంటి కణాలనే ఇందుమతి బృందం గాజు గిన్నెల్లో పెంచింది. చిన్న చిన్న కంటి మొలకలు వచ్చాయి. వాటిలో కంటి పైపొర కణాలు ఉన్నాయి. నరాల తెర కణాలు కూడా ఉన్నాయి! 2017లో ఈ సంగతి ప్రకటించారు.

కంటి తెరకు ఇది ఇంకా చికిత్స కాలేదు. "కణాలు ఎక్కిస్తాం, చూపు తెస్తాం" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. షుగరు ఉన్నవారు ఏడాదికోసారి కంటి తెర పరీక్ష చేయించుకోవాలి.

చెప్పండి:
1. కంటి తెర పాడైతే ఎందుకు మళ్లీ రాదు?
2. మీ ఇంట్లో షుగరు ఎవరికి ఉంది? వారు కళ్లు ఎప్పుడు చూపించుకున్నారు?