కబరస్తాన్ పేక: ఒక పునర్నిర్మాణ పాఠము

పేకాట యనగానే పెద్దలకు పందెము జ్ఞప్తికి వచ్చుట సహజము. మేమిచట చెప్పబూనినది పందెపు పేకను గురించి కాదు. లెక్కకు, జ్ఞాపకమునకు, ముందుచూపునకు పరీక్ష పెట్టు పేకను గురించి. మంథని విద్యార్థులకు ఈ విద్య పరాయిది కాదు. గోదావరికి ఉత్తరమున నిర్మల్ నకాషీలు కొయ్యబొమ్మలతో పాటు గంజీఫా పేకలను కూడ చిత్రించిన వారే.

గంజీఫా పారశీక దేశము మీదుగా మనకు వచ్చినది. 1527లో బాబరు చక్రవర్తి సింధు పాలకుడైన షా హసనుకు ఈ పేకలను పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. మొగలు గంజీఫాలో 8 రంగులు, రంగునకు 12 చొప్పున 96 ముక్కలు. ఆ ఆటయే ఈ నేలపై దశావతార గంజీఫాగా మారి, 10 రంగులతో 120 ముక్కలైనది. ముగ్గురు ఆడు ఈ ఆటలో తురుపు లేదు. ఒక రంగులో పై ముక్కలన్నియు పడిపోయిన పిమ్మట, మిగిలిన వానిలో పెద్దదే ఏలిక యగును. కావున పడిపోయిన ముక్కలను ఎవరు మరువరో వారిదే పైచేయి. చచ్చిన ముక్కకును విలువ కలదనుట గంజీఫా నేర్పు మొదటి పాఠము.

ఈ పాఠమును నేటి ఆటయొకటి మరియొక మెట్టు పైకి కొనిపోయినది. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అను అమెరికా గణితవేత్త ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అను ఆటను వెలువరించెను. ఇందు ఆటగాడు ముక్కలను సేకరించి, ఒండొరులతో మార్చుకొని, తన పేకను తానే కూర్చుకొనును. ‘కమాండర్’ అను పద్ధతిలో సాధారణముగా నలుగురు కూర్చుండి ఆడుదురు. నాయక ముక్క ఒకటి, తక్కినవి 99. మూలభూములు తప్ప ఏ ముక్కయు రెండు ప్రతులు ఉండరాదు. ఒక్కొక్కరికి 40 ప్రాణాంకములు. చచ్చిన జీవులును, వాడిన మంత్రములును చేరు కుప్పకు శ్మశానమని పేరు. ఉర్దూ మిత్రులు దానిని కబరస్తాన్ అనిరి. మా నోట ఆ పేరే నిలిచినది. అచటి ముక్కలను మరల లేపి ఆడించుటయే ప్రధానముగా గల పేక కబరస్తాన్ పేక.

మేము మొదట కూర్చిన పేకకు నాయకురాలు 2015లో వచ్చిన ‘మెరెన్’. మన జీవి మరియొకటి చచ్చినప్పుడెల్ల ఆమె మనకొక అనుభవాంకము నిచ్చును. మన వంతు ముగియు వేళ శ్మశానములోని ఒక జీవిని ఎన్నుకొనవచ్చును. దాని వెల మన అనుభవాంకములకు మించనిచో అది రంగమునకు వచ్చును. మించినచో చేతికి వచ్చును. ఇంత చక్కని నాయకురాలు ఉండియు మేము వరుసగా ఓడితిమి. కారణములు మూడు.

మొదటిది, భారీ జీవులపై మోహము. వానిని లేపుటకు చాలినన్ని అనుభవాంకములు లేక అవి శ్మశానమందే పడియుండెను. రెండవది, ఒకే మంత్రముపై ఆశ. 1997 నాటి ‘లివింగ్ డెత్’ రంగముపై నున్న జీవులను చంపి, అంతకుముందే శ్మశానములందున్న జీవులను లేపును. అయితే అది మన జీవులనే గాక అందరి జీవులను లేపును. మాకంటె పెద్ద జీవులు ఎదుటివారికి లేచిన దినమున మా మంత్రమే మమ్ము ముంచినది. మూడవది, అన్నిటినీ ఒకే గోతిలో దాచుట. శ్మశానము అందరికిని కనబడు కుప్ప. ‘బోజుకా బాగ్’ అను ఒక్క భూమి ముక్కను దించి, ఎదుటివాడు మా కుప్పనంతను ఆట వెలుపలికి పంపివేసెను.

అప్పుడు లెక్కకు కూర్చుంటిమి. మొదటి పేకలో ముక్కలను శ్మశానమునకు పంపు సాధనములు 5 మాత్రమే. 99 ముక్కలలో అట్టివి 5 ఉన్నచో, తొలుత అందుకొను 7 ముక్కలలో ఒక్కటియైన వచ్చు అవకాశము నూటికి 31. అవే 12 ఉన్నచో 61. ఇంటర్మీడియేట్‌లో నేర్చిన సంయోగముల సూత్రము చాలును, ఎవరైనను సరిచూచుకొనవచ్చును.

మరల కూర్చిన పేక ఇట్లున్నది: భూములు 37, శ్మశానమునకు పంపునవి 12, మరల తెచ్చునవి 10, చచ్చి మేలుచేయు చిన్న జీవులు 16, బలి సాధనములు 6, భారీ జీవులు 6, ఎదుటివారి ఎత్తులను ఆపునవి 12. మొత్తము 99.

ఇందు ప్రాణమంతయు ఆ 16 చిన్న జీవులలో కలదు. ‘సకురా ట్రైబ్ ఎల్డర్’ తన్ను తాను బలియిచ్చుకొని మూలభూమి నొకదానిని తెచ్చును. ‘స్పోర్ ఫ్రాగ్’ అను కప్ప బలియైనచో ఆ వంతులో పోరాటపు దెబ్బలు ఎవ్వరికిని తగులవు. మెరెన్ దానిని మన వంతు తుదిని మరల లేపును. అయితే ఎదుటివారు ముగ్గురు. కప్ప ఆపునది ఒక్కరి దాడినే. కప్పను ఎవరి వంతున వాడవలెనో నిర్ణయించుట ముక్కల లెక్క కాదు, మనుష్యుల లెక్క. నలుగురాటలోని మెలకువ అదియే.

కొత్త పేకతో మేము ప్రతిసారి గెలువలేదు. కాని కుప్ప పోయిన దినమున కూడ చేతిలో నాలుగు ముక్కలు, రంగముపై రెండు జీవులు మిగులుచున్నవి. ఓడినను ఆటలో నుండి ఓడుచున్నాము.

గంజీఫా ఆడెడివారు నేడు అరుదు. ఆ పేకయు ఒక విధముగా శ్మశానమునకు చేరిన ముక్కయే. దానిని లేపుటకు మంత్రము లేదు. నియమములు తెలిసి, ముగ్గురు కూర్చుండినచో చాలును. కళాశాల క్రీడా విభాగమున ఒక గంజీఫా పేకకు చోటు కల్పింపుడని కమిటీ పెద్దలను వేడుచున్నాము. ఆడుటకు మేము సిద్ధముగా నున్నాము.