ఆఫర్ రాకముందు రాజీనామా వద్దు

చిరంజీవి సౌజన్యకు,

విశాఖలో ఉన్న ఉద్యోగం మానేసి, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్వ్యూలు చూసుకుంటానని రాశావు. మీ నాన్నేమో అసలు కదలొద్దంటున్నాడు. మాంద్యం రోజుల్లో మహానగరానికి వెళ్లడం తప్పని నేను అనను. కెనడాలో మాంద్యం ఏళ్లలో చదువు ముగించినవాళ్ల సంపాదనను పరిశీలించి ఆర్థికవేత్తలు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. మొదట్లో పడిన లోటు పూడటానికి దాదాపు పదేళ్లు పట్టిందట. పూడిందీ చాలావరకు మెరుగైన సంస్థలకు మారడం వల్లే. కాబట్టి దొరికినచోటే కూర్చుండిపోవడాన్ని భద్రత అనుకోలేం. పైగా మాదాపూర్‌లో ఒక కంపెనీ పొమ్మంటే గచ్చిబౌలిలో ఇంకోటి చూసుకోవచ్చు. మీ ఐటీ రంగంలో విశాఖలో అన్ని అవకాశాలు లేవు. అందుకే వెళ్లమనే అంటాను. ఆఫర్ లేకుండా ఉన్నది వదిలేయడం దగ్గరే నాకు పేచీ.

వ్యాపారం మందగిస్తే కంపెనీలు పాతవాళ్ల జోలికి వెళ్లే ముందు కొత్తవాళ్లను గుమ్మం దగ్గరే ఆపుతాయి. 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ కూలాక, ఆఫర్ లెటర్లు చేతిలో ఉన్న మన ఇంజినీరింగ్ పిల్లలు ఎంతోమంది చేరే తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. 2023 ఫిబ్రవరిలో విప్రో, ఏడాదికి 6.5 లక్షలు ఇస్తామన్న ఫ్రెషర్లను 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. చేతికొచ్చిన ఆఫరుకే దిక్కులేని కాలంలో, అదీ లేకుండా బయటికొస్తే నీకు ఆధారం ఏముంటుంది?

తొంభై రోజుల నోటీసు ఉన్నవాళ్లను ఎవరూ పిలవడం లేదని, వెంటనే చేరేవాళ్లే కావాలంటున్నారని అన్నావు. మంచి రోజుల్లో ఇది బలమైన వాదనే. కానీ 2023 జనవరి ఒక్క నెలలోనే గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని ప్రపంచవ్యాప్తంగా తీసేస్తున్నట్టు ప్రకటించాయి. ఇలాంటప్పుడు రేపే చేరగలిగేవాళ్లకు కొదవేముంది? వాళ్లలో నువ్వూ ఒకదానివవుతావు, అంతే. ఉద్యోగంలో ఉన్న మనిషి ‘ఈ జీతానికి రాను’ అనగలదు. హాస్టల్ ఫీజు కట్టడానికి ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటున్న మనిషి మూడో నెలకు ఆ మాట అనలేదు. డబ్బు కట్టి నోటీసు తగ్గించుకునే వీలుందేమో మీ హెచ్‌ఆర్‌ను అడుగు. ఆ డబ్బు తిరిగిచ్చే కొత్త కంపెనీలూ ఉన్నాయి.

ఉన్నచోట మాత్రం గ్యారంటీ ఏముందంటావేమో. నిజమే, లేదు. 2025 జులైలో టీసీఎస్ దాదాపు 12,000 మందిని తగ్గించుకుంటామంది, అదీ ఎక్కువగా మధ్య, పై స్థాయిల వాళ్లను. అయితే కంపెనీ తీసేస్తే ఎంతోకొంత పరిహారం అడగడానికి దారి ఉంటుంది. తనంతట తాను మానేసిన మనిషికి ఆ దారీ ఉండదు.

ఆఫర్ వచ్చాక సీటీసీ అంకె చూసి మురిసిపోకు. కంపెనీ కట్టే పీఎఫ్‌ను, మామూలుగా ఐదేళ్లు చేస్తేగానీ చేతికి రాని గ్రాట్యుటీని కూడా అందులోనే కలిపి చూపించడం రివాజు. కష్టకాలంలో మొదట కోత పడేది వేరియబుల్ పేకి కనుక, అది తీసేసి నెలకు చేతికి ఎంతొస్తుందో లెక్కగట్టు. ప్రొబేషన్‌లో ఎన్ని రోజుల నోటీసుతో పంపేయవచ్చో, ఏడాదిలోపు మానేస్తే జాయినింగ్ బోనస్ వెనక్కి కట్టాలో లేదో చదువు. గ్రూప్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది, ఇంట్లోవాళ్లకు విడిగా పాలసీ ఉండాలి. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో లేనిదే బయల్దేరకు.

దరఖాస్తులు ఈ వారమే మొదలుపెట్టు. మొదటి రౌండ్లు చాలావరకు ఆన్‌లైన్‌లోనే కదా. చివరి రౌండుకు రమ్మంటే సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కు, పొద్దున్నకల్లా హైదరాబాద్‌లో ఉంటావు. ఆఫర్ లెటర్ రాగానే, సంతకం పెట్టే ముందు, నాకో కాపీ పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న