దూరాన చదివే పిల్లలు – ఉపకార వేతనం: పేరు, ఖాతా, లెక్క



మన తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల నుండి ఏటా ఎందరో పిల్లలు ఇల్లు విడిచి హాస్టళ్లలో చేరుతున్నారు. పరీక్షా ఫలితాలు వచ్చినప్పుడు వారి మార్కులు చూసి మనమందరం సంతోషిస్తాము. ఆ మార్కుల వల్ల రావలసిన ఉపకార వేతనం పిల్లవాడి చేతికి సక్రమంగా అందిందా లేదా అన్నది మాత్రం తక్కువమందే విచారిస్తారు. చాలా ఏళ్లు బ్యాంకు కౌంటరు వెనుక కూర్చున్న వాడిని కనుక ఈ పాఠం ఆ విషయం మీదే వ్రాస్తున్నాను.

1. మన ఊరి ఉదాహరణ

డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించారు. తండ్రి వీరాస్వామి గారు జమీందారు వద్ద చిన్న రెవెన్యూ ఉద్యోగి. ఇంట్లో కలిమి లేదు. బాలుడు 1896లో తిరుత్తణి బడి వదిలి తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చేరాడు. అక్కడి నుండి వేలూరు ఊరీసు కళాశాలకు, ఆపైన మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్లాడు. ఈ చదువంతా చాలావరకు ఉపకార వేతనాల మీదే సాగింది. బంధువు ఒకరు పట్టభద్రుడై తన తత్వశాస్త్ర పుస్తకాలు ఇవ్వడంతో ఆ శాస్త్రమే తీసుకున్నారని చెబుతారు. పుస్తకాలు కొనే ఖర్చు తప్పింది గదా! అలా ఎన్నుకున్న శాస్త్రంలోనే ఆయన 1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ఆచార్యులయ్యారు, 1962లో రాష్ట్రపతి అయ్యారు.

స్కాలర్‌షిప్పు దానం కాదు, కష్టపడి సంపాదించుకున్న హక్కు. దాన్ని అందుకోవడానికి ఎవరూ చిన్నతనపడనక్కరలేదు.

2. వసతి పాఠశాలల సంగతి

1971లో శ్రీ పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా నల్గొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వ గురుకుల పాఠశాల మొదలైంది. తరువాత కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు ఆయన ఆ ఆలోచననే నవోదయ విద్యాలయాలుగా విస్తరింపజేశారు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు.

తమిళనాడు నవోదయ పథకంలో చేరలేదు. ఆ పరీక్ష ఏ జిల్లా పిల్లలు ఆ జిల్లా విద్యాలయానికే వ్రాయాలి గనుక, సరిహద్దు అవతల నగరి పిల్లవాడు వ్రాయగలిగేది ఇవతల తిరుత్తణి పిల్లవాడు వ్రాయలేడు. కనుక మనకు ఉన్న దారులను మరింత శ్రద్ధగా తెలుసుకోవాలి.

3. ఎనిమిదవ తరగతిలో వ్రాయవలసిన పరీక్ష

కేంద్ర ప్రభుత్వపు జాతీయ ప్రతిభ–ఆదాయ ఉపకార వేతనం (ఎన్.ఎం.ఎం.ఎస్.) 2008లో మొదలైంది. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడులలో ఎనిమిది చదివే పిల్లలు దీనికి అర్హులు. తల్లిదండ్రుల వార్షికాదాయం మూడున్నర లక్షలు మించరాదు. ఎంపికైతే తొమ్మిది నుండి ప్లస్ టూ వరకు ఏటా 12,000 రూపాయలు. దేశం మొత్తం మీద ఏటా లక్ష మందికి ఇస్తారు, అందులో తమిళనాడు వాటా 6,695.

రెండు సంగతులు ముఖ్యంగా గమనించగలరు. ఒకటి: భోజనం, వసతి, చదువు అన్నీ ప్రభుత్వమే ఇచ్చే వసతి పాఠశాలల విద్యార్థులకు ఇది వర్తించదు. కనుక పిల్లవాడిని అటువంటి బడిలో చేర్చే ముందు రెండు వైపులా లెక్క వేసుకోవాలి. రెండు: పదవ తరగతిలో 60 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 55) రాకపోతే ప్లస్ వన్‌లో వేతనం ఆగిపోతుంది. ఏటా పోర్టల్‌లో పునరుద్ధరణ కూడా చేయించాలి.

4. మొదటి పాఠం – పేరు

నేను కౌంటరు వద్ద చూసినంతవరకు డబ్బు రాక తిరిగిపోయిన పిల్లలలో మార్కులు తక్కువైనవారు లేరు. పేరు కుదరనివారే ఎక్కువ. దీనికి మన ప్రాంతంలో ఒక ప్రత్యేక కారణం ఉంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలోనిది, ఆ తరువాత మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తెలుగువారికి పేరు ముందు ఇంటిపేరు ఉంటుంది. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. రాధాకృష్ణన్ గారి ముందున్న 'ఎస్' సర్వేపల్లి అనే ఇంటిపేరుది. తమిళ పద్ధతి ప్రకారమైతే వీరాస్వామి గారి 'వి' ఉండవలసింది.

ఒకే ఇంట్లో తాతగారి పట్టాలో ఇంటిపేరు, మనవరాలి బడి రికార్డులో తండ్రి అక్షరం, ఆధార్‌లో రెండూ, బ్యాంకులో ఏదీ లేకుండా ఉండటం సామాన్యమే. పైగా తమిళంలో క, గ లకు ఒకే అక్షరం. భారతి అనే పేరు ఇంగ్లీషులో ఒకచోట హెచ్‌తో, మరొకచోట హెచ్ లేకుండా ఉంటుంది. కంప్యూటరుకు వీరిద్దరూ వేర్వేరు మనుషులు. అందువల్ల ఏడవ తరగతిలోనే బడి రికార్డు, ఆధార్, పాసుపుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. పదవ తరగతి సర్టిఫికెట్టు అచ్చయ్యాక దిద్దించుకోవడం చాలా కష్టం.

5. రెండవ పాఠం – ఖాతా

ప్రభుత్వం పంపే డబ్బు ఆధార్ ఆధారంగా వస్తే, ఆ ఆధార్ చివరిసారి ఏ బ్యాంకుతో జత అయిందో అక్కడికే పోతుంది. హాస్టలు ఊరిలో మరో ఖాతా తెరిచి దానికి ఆధార్ జత చేస్తే, ఊళ్లో పాత పాసుపుస్తకం పట్టుకుని ఎదురుచూసి లాభం లేదు. పదిహేనేళ్లు నిండగానే ఆధార్‌లో వేలిముద్రలు తిరిగి ఇవ్వాలి. పద్దెనిమిది నిండగానే మైనరు ఖాతాను విద్యార్థి సొంత సంతకంతో మార్పించుకోవాలి. ఆ పుట్టినరోజు తరచు ప్లస్ టూ చదువుతుండగానే వస్తుంది, జ్ఞాపకం పెట్టుకోండి.

6. మూడవ పాఠం – లెక్క

ఏడాదికి 12,000 అంటే నెలకు వెయ్యి. కాని నెలనెలా రాదు, ఒకేసారి జమ అవుతుంది. ఉదాహరణకు:

ప్రయాణాలు, నోటు పుస్తకాలు – రూ. 4,000
పరీక్ష ఫీజులు, గైడ్లు – రూ. 2,500
మందులు, కళ్లద్దాలు – రూ. 1,500
మిగులు, డిపాజిట్టు – రూ. 4,000
మొత్తం – రూ. 12,000

ఈ మిగులు నాలుగేళ్లకు, వడ్డీ కాక, 16,000 అవుతుంది. ప్లస్ టూ ఫలితాలు వచ్చిన వారంలో కాలేజీ దరఖాస్తులకు, మొదటి ఫీజుకు డబ్బు కావాలి. అప్పుడు వడ్డీవ్యాపారి ఇంటికి నడవకుండా ఈ 16,000 ఆదుకుంటుంది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఇంట్లో అప్పు తొందరలో పిల్లల ఖాతా వైపు చూడటం సహజమే. ముఖ్యంగా ఆడపిల్ల ఖాతా వైపు. కాని ఆ డబ్బు ఆ పిల్ల తన పరీక్షలో తాను గెలుచుకున్నది. మిగులు కరిగిపోయిన సంవత్సరమే "పై చదువు ఎందుకులే" అన్న మాట ఇంట్లో మొదలవుతుంది. ప్రభుత్వ బడిలో ఆరు నుండి ప్లస్ టూ దాకా చదివి కాలేజీలో చేరే ఆడపిల్లలకు నెలకు వెయ్యి రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2022లో, మగపిల్లలకు తమిళ్ పుదల్వన్ పథకాన్ని 2024లో ప్రారంభించింది. అవి అందుకోవాలన్నా ముందు కాలేజీ గడప తొక్కాలి గదా!

అభ్యాసం

(1) మీ బడి రికార్డు, ఆధార్, పాసుపుస్తకాలలో మీ పేరు ఎన్ని విధాలుగా ఉందో వ్రాయండి.
(2) మీ ఆధార్ ఏ బ్యాంకుతో జత అయి ఉందో అడిగి తెలుసుకోండి.
(3) పై పట్టికను మీ సొంత ఖర్చులతో తిరిగి వ్రాసి, మిగులు ఎంతో తేల్చండి.

మొదటి ప్రశ్నకు "ఒకే విధంగా" అని జవాబు వ్రాయగలిగితే సగం పని అయినట్లే. మిగతా సగం చదువు. అది మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.