వెలుగు – బెళకు: కరెంటు పొదుపు ఎవరు నేర్పాలి?

మా ఇంట్లో నాన్నది తెలుగు, అమ్మది కన్నడ. తెలుగు ‘వ’ చాలా మాటల్లో కన్నడలో ‘బ’ అవుతుంది: వేరు – బేరు, వెన్న – బెణ్ణె, వెలుగు – బెళకు. 2015 డిసెంబర్‌లో కర్ణాటకలో ఎల్‌ఈడీ బల్బులు పంచిన పథకం పేరు ‘హొస బెళకు’, అంటే కొత్త వెలుగు. అంతకు ముందు ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం వంటి జిల్లాల్లో పాత బల్బు తీసుకొని పది రూపాయలకు ఎల్‌ఈడీ ఇచ్చారు.

బల్బు మార్చడం సులువు. 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీకి యూనిటున్నర కూడా కాదు. అసలు ఖర్చు ఇప్పుడు ఫ్యాన్ల దగ్గరుంది. పాత ఫ్యాను 75 వాట్లు. రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు 22.5 యూనిట్లు. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు, అంటే 9 యూనిట్లే. ధర మాత్రం ఎక్కువ.

మొన్న వేసవిలో మా కమఠాణలో పక్కింటి అవ్వ కరెంటు బిల్లు పట్టుకొచ్చి “ఫ్రీ అన్నారు గదా, ఇదేందమ్మా?” అని అడిగింది. చూస్తే 208 యూనిట్లు. 2023లో వచ్చిన గృహజ్యోతిలో 200 లోపల ఉంటే ఆ ఇంటి పాత వాడకం సగటును బట్టి ఉచితం. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. అవ్వ ఇంట్లో రెండు పాత ఫ్యాన్లు మార్చితే 27 యూనిట్లు తగ్గేవి. ఎనిమిది యూనిట్ల కోసం మొత్తం బిల్లు పడింది. ఈ సంగతి ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

పథకం పేపర్లో వస్తే చాలదు, ఇంటికొచ్చి చెప్పే మనిషి కావాలి. ఆ మనిషికి అదే పని, జీతం కూడా అయితే ఇంకా మంచిది. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ ఉంది, 1972లో మొదలైంది. అక్కడ చదువు రాని పల్లె ఆడవాళ్లకు రంగుల గుర్తులతో, చేతులతో చేసి చూపించి సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పుతారు. నేర్చుకున్నవాళ్లు తమ ఊరికి పోయి ఆ పని చూసుకుంటారు. చదువు రానివాళ్లే అది చేస్తుంటే, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ మగపిల్లలకే అని మనమెందుకు అనుకోవాలి?

మనం ఆర్ట్స్ వాళ్లం, వైరింగ్ రాదు. కానీ బిల్లు చదివి చెప్పడం వస్తుంది, అదీ రెండు భాషల్లో. ఫ్యాను మీద స్టార్ గుర్తులు 2023 నుంచి తప్పనిసరి. స్టార్లు ఎక్కువైతే కరెంటు తక్కువ. ఈ ఒక్క మాట చెప్పినా మేలే.

డిసెంబర్ 14 జాతీయ ఇంధన పొదుపు దినం. ఆ రోజు ఇక్కడ ముగ్గు పోటీ పెట్టుకునే బదులు, ఒక్కొక్కరం మన వీధిలో ఐదిళ్ల బిల్లులు చదివి చెబుదామా? నేనైతే అవ్వ ఇంటి నుంచే మొదలుపెడతా.