చేతికి అందని చోట కోచింగ్ డబ్బు

తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. పోస్టులు 783. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 తేదీల్లో అన్నారు. తర్వాత నవంబరన్నారు, ఆపైన 2024 జనవరి, మళ్లీ ఆగస్టు. చివరికి జరిగింది 2024 డిసెంబరు 15, 16న. గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను అయితే చాలామంది మూడుసార్లు రాశారు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులెక్కి హైదరాబాద్ ఎల్‌బీ నగర్‌లో దిగి, చైతన్యపురి, కొత్తపేట గల్లీల్లోని హాస్టళ్లలో చేరిన అభ్యర్థికి అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. ఇంట్లో ఇచ్చిన డబ్బు ఎన్ని నెలలు నిలబడుతుందన్నదే ఆ పరీక్ష.

కోచింగ్ సంస్థలు సిలబస్‌కు ప్లాన్ ఇస్తాయి, డబ్బుకు ఇవ్వవు. మొత్తం సొమ్ము ఒకే సేవింగ్స్ ఖాతాలో ఉంటుంది, ఆ ఖాతా ఫోన్‌లో యూపీఐకి కలిపి ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి హాస్టల్‌కు నడిచే లోపు చాయ్, మిర్చి బజ్జీ, చెప్పుల బండి, బట్టల షాపు. ప్రతిచోటా క్యూఆర్ కోడే. జేబులో వంద నోటు తీస్తే చెయ్యి కాస్త ఆగుతుంది, స్కాన్ చేస్తే ఆగదు. దుబారా మనిషివని ఎవరినీ తిట్టనక్కర్లేదు. లక్ష రూపాయలు కళ్లముందు కనిపిస్తుంటే ఇరవై రూపాయలు ఖర్చులాగే అనిపించవు.

కాబట్టి ఎక్కడ వడ్డీ ఎక్కువ అన్న ప్రశ్నను పక్కన పెట్టండి. ఉదాహరణకు 18,000 రూపాయలను ఏడాదిపాటు 4 శాతానికి ఉంచినా, 6.9 శాతానికి ఉంచినా తేడా ఆరువందలు కూడా రాదు. రెండు ఆదివారాల బిర్యానీకి సరిపోయే ఆ తేడా కోసం రాత్రంతా యూట్యూబ్ వీడియోలు చూడటం దండగ. మీరు చూడాల్సింది ఒక్కటే, ఆ డబ్బు తీయడం ఎంత కష్టం అన్నది.

ఫిలిప్పీన్స్‌లోని మిండనావో ద్వీపంలో ఒక గ్రామీణ బ్యాంకు తీయడం కష్టమయ్యే ఖాతానే పెట్టి చూసింది. 2006లో ముగ్గురు ఆర్థికవేత్తలు దాని ఫలితాలు ప్రచురించారు. వడ్డీ పైసా ఎక్కువ ఇవ్వలేదు, అనుకున్న తేదీ లేదా అనుకున్న మొత్తం వచ్చేదాకా డబ్బు తీయనివ్వలేదు, అంతే. అయినా బ్యాంకు చేరమని అడిగినవాళ్లలో నాలుగోవంతుకు పైగా చేరారు, వాళ్ల పొదుపు పెరిగింది. చాలామంది తాళం వేసిన డబ్బా కూడా కొనుక్కున్నారు. తాళంచెవి బ్యాంకు దగ్గర ఉంటుంది. మన గల్లగురిగి పనిచేసేది కూడా ఇలాగే కదా, పగలగొడితే తప్ప పైసలు రావు.

ఇక లెక్కలోకి వద్దాం. ఫీజు కట్టాక చేతిలో 72,000 మిగిలాయనుకోండి. హాస్టల్, రీడింగ్ రూమ్, చిల్లర ఖర్చులు కలిపి నెలకు 9,000 అనుకోండి. ముందుగా 18,000 తీసి పక్కన పెట్టాలి. ఇది పరీక్ష వాయిదా పడితే వాడే సొమ్ము. దాన్ని పోస్టాఫీసులో ఏడాది టైమ్ డిపాజిట్ చేయండి. 2025లో దీనిపై వడ్డీ 6.9 శాతం. ఇందులో నాకు నచ్చింది వడ్డీ కాదు, మొదటి ఆరు నెలలు తీయనివ్వని నిబంధన. ఆరు నెలలు దాటాక, ఏడాది లోపు తీస్తే సేవింగ్స్ వడ్డీ మాత్రమే ఇస్తారు. కౌంటర్ దగ్గర పాస్‌బుక్ పట్టుకుని లైన్లో నిలబడటం మీకిక్కడ మేలే చేస్తుంది.

మిగిలిన 54,000లో ఈ నెల 9,000 ఖాతాలో ఉంచి, తక్కిన 45,000ను తొమ్మిదేసి వేల చొప్పున ఐదు ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేయండి. ఒకటి నెలకు, ఇంకోటి రెండు నెలలకు, అలా ఐదో నెలదాకా. గడువు తీరగానే ఆటోమేటిక్‌గా రెన్యూవల్ కాకుండా, డబ్బు ఖాతాలో పడేలా చెప్పండి. అప్పుడు మీకు నెలనెలా జీతం వచ్చినట్టే ఉంటుంది. యాప్‌లో వేసిన ఎఫ్‌డీని రాత్రి పన్నెండింటికి కూడా రెండు నొక్కుల్లో రద్దు చేసేయొచ్చు. అందుకే బ్రాంచికి వెళ్లి వేసి, రసీదు తీసుకుని, ముందే తీయాలంటే బ్రాంచికే రావాలా అని అడిగి తెలుసుకోండి. వీలైతే ఈ డిపాజిట్లన్నీ యూపీఐకి కలపని, డెబిట్ కార్డు తీసుకోని రెండో ఖాతాలో ఉంచండి.

అమ్మ దగ్గర దాచుకుంటే చాలదా అంటారు. తాళంగా అమ్మను మించినది లేదు. అయితే పొలంలో మోటారు కాలిపోతే, చెల్లి ఫీజుకు గడువు ముంచుకొస్తే మీ డబ్బే ముందు కదులుతుంది. అది తప్పు కాదు, కానీ మీ లెక్క తప్పుతుంది. రూమ్మేట్‌కు చేబదులు ఇవ్వడం పొదుపు కిందికి రాదు. కొత్తపేట నగల షాపుల నెలవారీ స్కీములు పెళ్లి ఉన్న ఇంటికి పనికొస్తాయేమో. చివర్లో చేతికొచ్చేది నగ, నగతో మెస్ బిల్లు కట్టలేరు.

చీటీ సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. సంపాదన లేనివాళ్లు చీటీ జోలికి వెళ్లొద్దు, రెండు వాయిదాలు తప్పితే పరువు, డబ్బు రెండూ పోతాయి. ఉద్యోగం వచ్చాక వేయాలనుకుంటే 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీయే వేయండి. అపార్ట్‌మెంట్ కింద నోటిమాటగా నడిచేది వద్దు. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా కింద 5 లక్షల వరకు వస్తుంది, 2020 ఫిబ్రవరి నుంచి ఆ పరిమితి అమల్లో ఉంది. చీటీకి ఆ బీమా లేదు.

ఉద్యోగం వచ్చాక పద్ధతి మారుతుంది. జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా రికరింగ్ డిపాజిట్ పెట్టుకోండి. పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతోనూ మొదలుపెట్టొచ్చు, అయితే అది ఐదేళ్ల పథకం, మూడేళ్ల లోపు మూయనివ్వరు. అంత దూరం వద్దనుకుంటే బ్యాంకులో ఏడాదిది చాలు.

మొదటి ఉద్యోగం ప్రైవేటు కంపెనీలో అయితే, చాలామంది గమనించని పొదుపు ఇంకొకటి ఉంది, పీఎఫ్. మూల వేతనంలో 12 శాతం మీ వాటా, యజమాని వాటా దానికి అదనం. కంపెనీ మారగానే దాన్ని తీసేసి బైక్ డౌన్ పేమెంట్ కట్టేవాళ్లు ఎల్‌బీ నగర్‌లో ప్రతి అపార్ట్‌మెంట్‌కూ కనీసం ఒకరుంటారు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే మామూలుగా దానిపై పన్ను కూడా పడుతుంది. కొత్త ఉద్యోగంలో చేరిన రోజే మీ పాత పీఎఫ్ నంబరు (యూఏఎన్) ఇచ్చి, పాత ఖాతాలోని సొమ్ము కొత్త ఖాతాలోకి బదిలీ అయిందో లేదో రెండు నెలల్లో చూసుకోండి.