రెండు పీరియడ్లు, రెండు పనులు

తాండూరు

చి. మేనకోడలికి,

వికారాబాద్ కాన్వెంటులో సోషల్‌తో పాటు మతబోధన కూడా నీకే అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నీ మెసేజీ కూడా చూశాను. కతోలిక పిల్లలకు సత్యోపదేశం, అదే పీరియడ్లో మిగతావాళ్లకు నీతిబోధన. ఒకవారం అటు, ఒకవారం ఇటు. "రెండింటికీ ఒకే పుస్తకంతో లాగించేయమంటున్నారు మామయ్యా" అని రాశావు. ఫోన్లో తేలే ముచ్చట కాదు కాబట్టి కాగితం తీశాను.

లాగించకు బిడ్డా. అవి రెండు వేర్వేరు పనులు. సత్యోపదేశంలో కూర్చున్న పిల్లకు జ్ఞానస్నానం అయింది, ఆదివారం పూజకు వస్తుంది. ఆమెతో నువ్వు సొంత ఇంటి సంగతి మాట్లాడినట్టు మాట్లాడవచ్చు. పక్క గదిలో ఉన్న పిల్లను వాళ్ల నాన్న లెక్కలకూ ఇంగ్లీషుకూ పంపాడు. ఆ నమ్మకాన్ని చాటున వాడుకోకూడదు. ఇది నా సొంత కవిత్వం కాదు. 1988లో రోమ్ నుంచి కతోలిక బడుల మీద వచ్చిన పత్రమే ఈ తేడా చూపించింది. బడిలో మతబోధన పని క్రైస్తవమంటే ఏమిటో, ఎలా బతకమంటుందో తెలియజెప్పడం. సత్యోపదేశం అలా కాదు. వినేవాళ్లు ఆ మాటను తమ రక్షణ వార్తగా స్వీకరించారన్న నమ్మకం మీద నడుస్తుంది, దానికి ఇల్లూ, విచారణా (అదే, పారిష్) తోడు ఉండాలి. రెండూ కలిపితే ఏమవుతుందో నేను ఎన్నో బ్యాచ్‌లలో చూశాను. కతోలిక పిల్లలు పదేళ్లు నిజాయితీ కథలు విని, దివ్యసత్ప్రసాదం గురించి నాలుగు వాక్యాలు చెప్పలేకుండా బయటికి పోతారు. మిగతా పిల్లలేమో ప్రతి కథ చివరా యేసు వస్తాడని ముందే కనిపెట్టి, నవ్వుకుంటూ కూర్చుంటారు.

చట్టం సంగతి నీకు చెప్పనక్కర్లేదు, సోషల్ టీచరువి. రాజ్యాంగం 30వ అధికరణ మనకు బడి పెట్టుకునే, నడుపుకునే హక్కు ఇచ్చింది, అది అందరూ గుర్తుపెట్టుకుంటారు. 28వ అధికరణ మూడో క్లాజు మాత్రం స్టాఫ్‌రూంలో ఎవరికీ గుర్తుండదు. సర్కారు గుర్తింపు ఉన్న బడిలో, గ్రాంటు లేకపోయినా సరే, మైనరు పిల్లలను తల్లిదండ్రుల సమ్మతి లేనిదే మతబోధనలోనో ఆరాధనలోనో పాల్గొనమనకూడదు. అడ్మిషన్ ఫారం కింద చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యానికి తండ్రి సంతకం పెట్టాడు కదా అనకు. బషీరాబాద్ నుంచి వచ్చి ఆ క్యూలో నిలబడ్డ మనిషి అది చదివాడా? పేరెంట్స్ మీటింగులో నోటితో చెప్పించు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. మొదటి రోజు "క్రిస్టియన్లు లేచి నిలబడండి" అనొద్దు. కొత్త టీచర్లందరూ అదే అంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, క్రైస్తవులను కలపలేదు. చర్చిలో చేరిన ఎస్సీ కుటుంబం మన దగ్గర బీసీ-సీ కిందికి పోతుంది. కాబట్టి నీ తరగతిలో రిజిస్టరులో ఒక మతం, ఇంట్లో గోడ మీద ఒక సిలువ ఉన్న పిల్లలుంటారు. ఆ పిల్ల లేస్తే స్కాలర్‌షిప్పు భయం, లేవకపోతే ఆదివారం తనను చర్చిలో చూసిన స్నేహితురాలి ముందు సిగ్గు. మన అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు 2022లో కార్డినల్ అయినప్పుడు, దళితుల్లోంచి మొట్టమొదటి కార్డినల్ అని మనమంతా గర్వపడ్డాం. ఆ గర్వం నిజమే. అదే మతం పేరును ఒక పిల్ల తన ఫారంలో రాసుకోలేకపోవడమూ నిజమే. ఎవరు ఏ గదిలోకి వెళ్లాలో విచారణ గురువుతో, తల్లిదండ్రులతో విడిగా మాట్లాడి తేల్చుకో. నలుగురిలో తేల్చే పని కాదు.

ఇంకోటి, వికారాబాద్‌లో క్రైస్తవ పిల్లలంటే ముందు మెథడిస్టు పిల్లలు. మిషన్ ఆసుపత్రి రోజుల నుంచీ ఆ వైపు పాతుకున్న సంఘం అది, మనం కొద్దిమందిమి. వాళ్లను కూడా సత్యోపదేశంలో కూర్చోబెట్టేసి, "అందరం యేసు బిడ్డలమే కదా" అనేస్తారు. అసెంబ్లీలో జాగ్రత్తగా విను. "అవర్ ఫాదర్" దగ్గర మన పిల్లలు కీడు నుంచి రక్షించమనే మాటతో ఆగిపోతారు. కొన్ని గొంతులు ఇంకో వాక్యం ముందుకు పోయి, తామే మిగిలామని గ్రహించి తగ్గిపోతాయి. వాళ్లు మెథడిస్టులు. నరహత్య చేయరాదన్నది ఎన్నో ఆజ్ఞ అని అడుగు, మన పిల్ల ఐదు అంటుంది, వాళ్ల పిల్ల ఆరు అంటుంది. ఇద్దరివీ తప్పు కావు. విగ్రహాల మాటను మనం మొదటి ఆజ్ఞలో కలిపి లెక్కిస్తాం, వాళ్లు రెండోదిగా విడదీస్తారు, చివర మనం ఆశపడడాన్ని రెండు ఆజ్ఞలు చేసుకుంటాం. మన బైబిల్లో 73 గ్రంథాలు, వాళ్ల దాంట్లో 66. తోబీతు కథ చెప్పావనుకో, "మా బైబిల్లో లేదు టీచర్" అని చెయ్యి లేస్తుంది. ఆ చెయ్యిని దించమనకు. అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టు. మెథడిస్టుల జ్ఞానస్నానాన్ని మన శ్రీసభ గుర్తిస్తుంది. నీతిమంతులుగా తీర్చబడడం గురించి కతోలికులు, లూథరన్లు 1999లో చేసుకున్న ఒప్పందంలో ప్రపంచ మెథడిస్టు మండలి కూడా 2006లో చేరింది. ఇంత దూరం వచ్చాక తాండూరు–వికారాబాద్ ప్యాసింజరులో ఒకే బెంచీ మీద వచ్చే పిల్లలకు తేడాలు దాచడమెందుకు? జపమాల మాత్రం వాళ్లతో చెప్పించొద్దు.

సత్యోపదేశంలో గట్టిగా చెప్పు. తొమ్మిదో తరగతి పిల్ల తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "జ్ఞానస్నానం లేకపోతే మా ఫ్రెండ్ నరకానికి పోతుందా?" ఆ ఫ్రెండ్ ముస్లిం పిల్ల, రోజూ టిఫిన్ పంచుకునే పిల్ల. మాట దాటేయకు, "అలాంటివి అడగకూడదు" అనకు. 1964లో రెండవ వాటికన్ మహాసభ శ్రీసభ గురించి ఇచ్చిన పత్రంలోనే జవాబుంది. తమ తప్పు లేకుండా క్రీస్తును ఎరగనివాళ్లు, మనసారా దేవుణ్ణి వెతుకుతూ అంతరాత్మ చెప్పినట్టు నడుచుకుంటే వాళ్లకూ రక్షణ అందగలదు. మరుసటి ఏడాది అక్టోబరు 28న విద్య మీద పత్రమూ, అన్య మతాలతో సంబంధం మీద పత్రమూ ఒకే రోజు వచ్చాయి. నా మటుకు నాకు అది చక్కని కలయిక.

రెండో గదిలో మంచి సమరయుని కథ చెప్పుకో, అభ్యంతరం లేదు. కానీ "కాబట్టి పిల్లలూ, అందరికీ సాయం చేయండి" అని ముగించకు, అది ఎక్కాలు అప్పజెప్పించడంలా ఉంటుంది. దారిలో దెబ్బలు తిని పడివున్నవాణ్ణి యాజకుడు దాటిపోయాడు, లేవీయుడు దాటిపోయాడు. ఆగినవాడు ఆ శ్రోతలకు గిట్టని జాతివాడు. ఇక్కడ ఆగి, "మీ ఊళ్లో ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగరు?" అని అడుగు. నేను అడిగితే ఓ పిల్లవాడు, "మా నాయనమ్మ లిస్టు చదవాలంటే పీరియడ్ చాలదు సార్" అన్నాడు. ఆ తర్వాత పాఠం వాళ్లే నడిపారు. లింగాయతు పిల్ల భద్రేశ్వర స్వామి రథోత్సవం గురించి చెప్తానంటే చెప్పనివ్వు, తండా పిల్ల సీత్లా పండుగ చెప్తానంటే అదీ విను. వాళ్లంతట వాళ్లు చెప్తేనే సుమా, నమూనాలుగా నిలబెట్టి చెప్పించొద్దు.

దీక్ష మాల వేసుకొచ్చిన పిల్లల విషయంలో నీ అంతట నువ్వు తీర్పులివ్వకు. 2024 ఏప్రిల్‌లో లక్షెట్టిపేట దగ్గర హనుమాన్ దీక్ష దుస్తుల మీద మొదలైన గొడవ బడి మీద దాడిదాకా పోయింది. అదే నెలలో బిషప్పుల సమాఖ్య మన బడులకు మార్గదర్శకాలు ఇచ్చింది. మన ఆచారాలను ఇతర మతాల పిల్లల మీద రుద్దొద్దంది, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించమంది. దుస్తుల నియమం ఏదైనా సరే జూన్‌లోనే రాసి, తల్లిదండ్రులందరికీ పంపమని సిస్టర్‌ను అడుగు. కార్తీకంలో గేటు దగ్గర నియమాలు పుట్టించకూడదు.

జనవరి రాగానే లెక్కల మాస్టారు నీ పీరియడ్ అడుగుతారు. పదో తరగతిదైతే ఇచ్చేయి, వాళ్ల బాధ వాళ్లది. తొమ్మిదిది ఇవ్వకు.

నవంబరు యూనిట్ టెస్టు తేదీ వేసేముందు ధారూర్ జాతర ఎప్పుడో కనుక్కోమని సిస్టర్‌కు చెప్పు. ఆ వారం మెథడిస్టు పిల్లలు ఒక్కరూ రారు, ఆ తర్వాత మళ్లీ నువ్వే విడిగా పెట్టాల్సి వస్తుంది.

ఇట్లు,
మీ మామయ్య