పెత్రమాస నాడే బతుకమ్మ ఎందుకు? పెద్దలను తలుచుకునే పండుగలు – మన ఊర్లో, లోకంలో



భాద్రపద అమావాస్య దగ్గర పడిందంటే మన లింగాల, అచ్చంపేట వైపు ప్రతి ఇంట్లో ఇవే మాటలు. "పెద్దలకు బియ్యం ఇచ్చిన రోజే బతుకమ్మ ఆడొచ్చా?" "కొడుకులు హైదరాబాదుకో, ముంబైకో పనికి పోయిన్రు. ఊరికి రాలేకపోతే పెద్దలకు ఎవరు పెట్టాలె?" "మాకు ఆడపిల్లలే, మా తర్వాత మమ్మల్ని తలుచుకునేదెవరు?" ఈ మూడింటికీ ఈ రోజు పాఠంలో జవాబు చెప్పుకుందాం.

పెత్రమాస అంటే ఏంటి?

భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా ఉన్న పక్షాన్ని మహాలయ పక్షం అంటారు. చివరి రోజు పితృ అమావాస్య. అదే మన నోట్లో పెత్రమాస అయింది. చైత్ర పౌర్ణమికి మనం అడవి దారి పట్టి సలేశ్వరం లింగమయ్య దగ్గరికి నడిచిపోతాం. పెత్రమాసకు మాత్రం ఎక్కడికీ పోయే పని లేదు, పెద్దలే మన ఇంటికి వస్తారని నమ్మకం.

ఆ రోజు పొద్దున్నే తలస్నానం చేసి, బియ్యం, పప్పు, కూరగాయలు, దక్షిణ కలిపి పెద్దల పేరు చెప్పి స్వయంపాకం ఇస్తాం. ఇంట్లో వాళ్లకు ఇష్టమైనవి వండి పెడతాం. కొన్ని ఇళ్లల్లో గారెలు, పాయసం. కొన్ని ఇళ్లల్లో వాళ్లు బతికున్నప్పుడు తిన్నవే, మాంసం, కల్లుతో సహా పెడతారు. ఎవరి ఇంటి ఆచారం వాళ్లది.

దీని వెనక కర్ణుడి కథ చెప్తారు. జీవితమంతా బంగారం దానం చేసిన కర్ణుడికి పైలోకంలో ఆకలేస్తే, ముట్టిందల్లా బంగారమే అయిందట. అన్నదానం చేయలేదు, పెద్దల పేరున ముద్ద పెట్టలేదు. అందుకే పదిహేను రోజులు భూమికి తిరిగొచ్చి ఆ పని చేసి వెళ్లాడట.

అదే రోజు బతుకమ్మనా?

అవును, ఆడొచ్చు. ఆడాలి కూడా. పెత్రమాస సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. ఆ రోజు అమ్మకు నువ్వులు, బియ్యప్పిండి నైవేద్యం పెడతాం. పొద్దున తర్పణంలో వదిలినవీ నువ్వులే. పోయినోళ్లను పొద్దున తలుచుకుని, ఉన్నోళ్లను చల్లగా బతకనియ్యమని సాయంత్రం అడుగుతున్నాం. ఇందులో అశుభం ఏముంది?

వేరే దేశాల్లో ఎట్లా చేస్తారు?

జపాన్‌లో ఓబోన్ ఉంది. చాలా ప్రాంతాల్లో ఆగస్టు 13 నుంచి 16 దాకా చేస్తారు. మొదటి రోజు ఇంటి ముందు చిన్న మంట వేసి పెద్దలకు దారి చూపిస్తారు, చివరి రోజు ఇంకో మంటతో సాగనంపుతారు. కీరదోసకాయకు పుల్లలు గుచ్చి గుర్రం, వంకాయకు గుచ్చి ఆవు చేస్తారు. పెద్దలు గుర్రమెక్కి తొందరగా రావాలె, ఆవు మీద మెల్లగా పోవాలె అని! సాయంత్రం ఊరంతా కలిసి గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు తన తల్లి ఆకలి తీర్చిన కథతోనే ఈ పండుగ మొదలైందంటారు.

కొరియాలో చూసోక్ పండుగ. వాళ్ల ఎనిమిదో నెల పౌర్ణమికి వస్తుంది. కొత్త బియ్యంతో సోంగ్‌ప్యోన్ అనే ఉండ్రాళ్ల లాంటివి చేసి, దేవదారు జాతి చెట్టు ఆకుల మీద ఆవిరికి ఉడికించి, ముందు పెద్దలకు పెట్టి తర్వాత తాము తింటారు. పట్నాల్లో పని చేసేవాళ్లంతా ఊళ్లకు బయల్దేరడంతో రోడ్లు నిండిపోతాయి.

మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో పోయినోళ్ల పండుగ. ఇంట్లో ఫోటోలు, దీపాలు, వాళ్లకు ఇష్టమైన తిండి పెట్టి, ఇంటి దాకా పసుపుపచ్చ పూల రెక్కలతో దారి వేస్తారు. ఆ వాసన పట్టుకుని పెద్దలు వస్తారని నమ్మకం. ఆ పువ్వు ఏదో తెలుసా? మన బంతిపువ్వే. దాని పుట్టిల్లు మెక్సికో. తంగేడు మన నేల పువ్వు, దాని పక్కన బతుకమ్మలో కూర్చున్న బంతి మాత్రం సముద్రం దాటి వచ్చింది. 2008లో ఈ పండుగను యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

భాష వేరు, దేవుళ్లు వేరు. కానీ అన్ని చోట్లా మూడు పనులు కనిపిస్తాయి: పేరు తలవడం, ఇష్టమైనది వండటం, ఇంటిల్లిపాదీ కలిసి తినడం.

ఇక మిగిలిన ప్రశ్నలకు

ఊరికి రాలేకపోతే? ఉన్న చోటే చేయండి. అద్దె గది అయినా, కూలి పని చోట గుడిసె అయినా దక్షిణం వైపు తిరిగి, పెద్దల పేర్లు చెప్పి నువ్వులు, నీళ్లు వదలండి. ఆకలిగా ఉన్న ఒక్కరికి అన్నం పెట్టండి. అప్పు చేసి ఊరికి రావాల్సిన పని లేదు.

పోయిన తిథి తెలియకపోతే? వలస పోయిన చోట చనిపోయి, ఏ రోజో తెలియనివాళ్లు ఎన్నో ఇళ్లల్లో ఉన్నారు. అట్లాంటి అందరికీ ఈ అమావాస్యే. అందుకే దీన్ని సర్వ పితృ అమావాస్య అన్నారు.

ఆడపిల్లలే ఉంటే? అమావాస్య మరునాడు, ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి, కూతురి కొడుకు తన తాతకు శ్రాద్ధం పెట్టే రోజు. కూతురి బిడ్డలకు ఆ బాధ్యత మన పెద్దలే ఇచ్చారు. బెంగ పడకండి.

ఈసారి ఇంట్లో ఒక్క పని చేయండి

శ్రాద్ధంలో తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాల పేర్లు చెప్తారు. వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా వాళ్లను తలుస్తారు. మరి మన పిల్లల్లో ముత్తాత పేరు తెలిసినోళ్లు ఎంతమంది? పెత్రమాస ముందు రోజు ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చోబెట్టి ఒక నోటుపుస్తకంలో రాయించండి. అమ్మ వైపు, నాయిన వైపు, ఆడవాళ్ల పేర్లు కూడా. ఎవరికి ఏ కూర ఇష్టమో, ఎవరు ఏ ఊరి నుంచి కోడలుగా వచ్చారో అదీ రాయండి. చెప్పే అవ్వ ఉన్నప్పుడే అడగాలి. ఆమెతో పాటే పేర్లు పోతే, తర్వాత బియ్యం ఇచ్చే చేయి ఉంటుంది గానీ ఎవరి పేరున ఇవ్వాలో చెప్పే నోరు ఉండదు.

పెద్దల దీవెన, బతుకమ్మ తల్లి చల్లని చూపు మీ ఇంటి మీద ఉండాలని కోరుకుంటూ, శుభం.